కార్డు సంగతి తర్వాత, ఆ జాబ్ షీట్ ఎక్కడ?

ప్రశ్న: మా అబ్బాయి హనుమకొండలో ఇంటి నుంచే పెళ్లి వీడియోలు ఎడిటింగ్ చేసి బతుకుతున్నాడు. 2024 జూన్‌లో సికింద్రాబాద్‌లోని ఒక దుకాణంలో కంప్యూటర్ కట్టించాం. అందులో గ్రాఫిక్స్ కార్డు ఒక్కటే 58 వేలు. నా భార్య గాజులు కుదువపెట్టి తెచ్చిన డబ్బు అది. వాడి ఖాతా నుంచే యూపీఐలో కట్టాడు. బిల్లు మాత్రం, జీఎస్టీ కలిసొస్తుందని, మా బావమరిది ప్రింటింగ్ ప్రెస్ పేరున రాయించాం. అక్టోబరు 9న తెర మీద రంగు గీతలు వచ్చి నల్లబడిపోయింది. మూడేళ్ల వారంటీ ఉంది కదా అని వెళ్తే దుకాణదారు ‘మేము అమ్మేవరకే, సర్వీస్ సెంటర్‌కి పొండి’ అని నలుగురిలో కసిరాడు. నవంబరులో సర్వీస్ సెంటర్‌లో ఇచ్చాం. 2025 జనవరి 23న ‘పీసీబీ ట్రాక్ కట్, ఫిజికల్ డ్యామేజ్, వారంటీ వర్తించదు’ (అంటే కార్డు సర్క్యూట్ బోర్డు మీది సన్నని రాగి గీత తెగిందట) అని రాసి తిప్పి ఇచ్చారు. నవంబరులో మేం కార్డు ఇచ్చేటప్పుడు వాళ్లు ఒక కాగితం రాసిచ్చారు, కార్డు బాగానే ఉందని అందులో ఉన్నట్టు గుర్తు, ఇంట్లో ఎక్కడో ఉండాలి. అప్పటినుంచి ఫోన్లు, వాట్సాప్‌లు చేస్తూనే ఉన్నాం. బిల్లు వాడి పేరున లేదు కాబట్టి కేసు నిలవదని ఒకరన్నారు. వాడి పేరున బిల్లు చేయించి ఇస్తామని ఒక మిత్రుడు, రీబాలింగ్ చేస్తే బాగవుతుందని ఇంకొకరు అంటున్నారు. దుకాణదారు మీద 420 కేసు పెట్టవచ్చా?

జవాబు: మీరు ‘ఇంట్లో ఎక్కడో ఉండాలి’ అన్న ఆ కాగితమే మీ కేసు. గాజులు, నలుగురిలో కసరడం వినియోగదారుల కమిషన్ ముందు లెక్కకు రావు. కార్డు మీ చేతిలోంచి సర్వీస్ సెంటర్ చేతిలోకి వెళ్లిన రోజున దాని ఒంటి మీద దెబ్బ ఉందా లేదా? ఈ ఒక్క ప్రశ్నకు జవాబు చెప్పే కాగితాన్ని ఇన్నాళ్లుగా వెతకకుండా ఫోన్లు చేస్తూ కూర్చున్నారు. ముందు బీరువాలూ పాత సంచులూ దులపండి.

దాన్ని జాబ్ షీట్ అంటారు, కొన్నిచోట్ల ఇన్‌వర్డ్ స్లిప్ అంటారు. అందులో కార్డు సీరియల్ నంబరు, తేదీ, ‘ఫిజికల్ కండిషన్’ అనే గడి ఉంటాయి. ఆ గడిలో ‘ఓకే’ అనో ‘డ్యామేజ్ లేదు’ అనో చేత్తో రాసి ఉంటే జనవరి 23 నాటి తిరస్కరణ అక్కడే కుంగిపోతుంది. దెబ్బ వాళ్ల దగ్గర ఉండగా తగిలి ఉండాలి, లేదా లేని దెబ్బను రాసి ఉండాలి. రెంటిలో ఏదైనా జవాబు చెప్పుకోవలసింది వాళ్లే. మరమ్మతుకు తీసుకున్న వస్తువును తన సొంత వస్తువంత జాగ్రత్తగా చూడాలని 1872 నాటి కాంట్రాక్టు చట్టం 151వ సెక్షన్ చెబుతోంది. అయితే చాలా షీట్ల అడుగున చిన్న అక్షరాల్లో ‘తనిఖీకి లోబడి స్వీకరించాం’ అని ముందే అచ్చు వేసి ఉంటుంది. గడి ఖాళీగా ఉండి ఆ వాక్యం ఒక్కటే ఉంటే మీ బలం సగానికి తగ్గుతుంది. అప్పుడు కార్డు ఇచ్చే ముందు తీసిన ఫొటోలు కావాలి. తీశారా? ఉత్తరంలో ఆ ప్రస్తావనే లేదు.

కాగితం దొరక్కపోతే మీ అబ్బాయి ఫోన్లో నవంబరు నాటి ఎస్సెమ్మెస్‌లు, మెయిళ్లు చూడండి. జాబ్ నంబరు తప్పకుండా వచ్చి ఉంటుంది. ఆ నంబరు వేసి, ఇన్‌వర్డ్ సమయంలో నమోదు చేసిన వివరాల కాపీ, తిరస్కరణకు ఆధారంగా తీసిన ఫొటోలు పంపమని సర్వీస్ సెంటర్‌కి మెయిల్ పెట్టండి. ఫోన్ చేయొద్దు, ఫోన్లో మాట గాలికి పోతుంది. ఇవ్వకపోతే, పత్రాలు దాఖలు చేయమని ఆదేశించే అధికారం వినియోగదారుల రక్షణ చట్టం 2019లోని 38(9) కింద జిల్లా కమిషన్‌కు ఉంది. అప్పటికీ తేకపోతే, తెస్తే వాళ్లకే నష్టం కాబట్టి తేలేదని వాదించవచ్చు.

ఇప్పుడు మీకు నచ్చని ప్రశ్న. ట్రాక్ నిజంగానే తెగిందా? ఈ స్థాయి కార్డులు బరువైనవి. మదర్‌బోర్డు స్లాట్‌లో ఒక చివర పట్టుకుని మిగతాది గాల్లో వేలాడుతుంది. కార్డు బిగించి ఉన్న కంప్యూటర్‌ను అలాగే బస్సులోనో కారు డిక్కీలోనో తెస్తే, గతుకులకు స్లాట్ లాక్ పడే కొక్కెం దగ్గర, బంగారు పూత పళ్ల పక్క మూలలో, పీసీబీ వెంట్రుకంత చీలుతుంది. అది ఆ రోజే చావకపోవచ్చు. నెలలు పనిచేసి, వేడికి వ్యాకోచించి సంకోచించి, ఒకరోజు గీతలు చూపించి పోతుంది. మీ కథ దీనికీ సరిపోతుంది కాబట్టి అడుగుతున్నాను. సికింద్రాబాద్ నుంచి హనుమకొండకు ఎలా తెచ్చారు? దుకాణంలోనే బిగించి, కార్డు కింద ఆనుడు పెట్టకుండా, విడిగా తీసుకెళ్లమని చెప్పకుండా పంపారా? అలా అయితే తప్పులో దుకాణానికీ వాటా ఉందని వాదించవచ్చు. విడిగా కొని మీవాడే బిగించుకుని ఉంటే ఆ వాదన లేదు. భూతద్దం పెట్టి ఆ మూల చూసి, మంచి వెలుతురులో దగ్గరి ఫొటోలు తీయండి. చీలిక కంటికి కనిపించి, జాబ్ షీట్‌లో కండిషన్ గడి ఖాళీగా ఉంటే, కేసు గెలుస్తారని నేను చెప్పను.

రీబాలింగ్ మాటే ఎత్తొద్దు. చిప్‌ను వేడి చేసి ఊడదీసి, కింద ఉన్న టంకం గుండ్లు మార్చి మళ్లీ అతికించడం అది. తెగిన ట్రాక్‌కు దానితో సంబంధమే లేదు. పైగా వేడిని లాగే హీట్‌సింక్ స్క్రూ మీది స్టిక్కర్ చిరుగుతుంది, బోర్డు మీద టంకానికి వాడే ఫ్లక్స్ మరకలు పడతాయి, ఆ తర్వాత ఏ నిపుణుడు చూసినా ‘ఇది విప్పిన కార్డు’ అనే రాస్తాడు. మీ సాక్ష్యాన్ని మీరే కాల్చుకోవడం. కార్డును యాంటీస్టాటిక్ కవర్లో పెట్టి, అసలు పెట్టెలో పెట్టి, పైన అతికిన స్టిక్కర్ చింపకుండా దాచండి. ఆ స్టిక్కర్ మీద దిగుమతిదారు పేరు, చిరునామా ఉంటాయి, అవి ఫిర్యాదులో కావాలి. కార్డు మీద, పెట్టె మీద, బిల్లులో, జాబ్ షీట్‌లో, తిరస్కరణ పత్రంలో సీరియల్ నంబరు ఒక్కటేనా? ఒక్క అంకె తేడా ఉన్నా అవతలివాళ్లు మొదట అదే పట్టుకుంటారు.

కంప్యూటర్ లోపల కరెంటు అందించే పవర్ సప్లై పెట్టె కొన్న బిల్లు కూడా వెతకండి. స్లాట్ నుంచి కార్డుకు 75 వాట్లు, ఒక్కో 8 పిన్ కేబుల్ నుంచి 150 వాట్లు అందాలి. చవక సప్లై పెట్టి కార్డును కాల్చుకున్నారనడం ఇలాంటి కేసుల్లో మామూలు వాదన. మంచి సప్లై బిల్లు, అదే కంప్యూటర్లో వేరే కార్డు పెడితే నిక్షేపంగా పనిచేస్తోందని చూపే వీడియో ఉంటే ఆ నోరు మూతపడుతుంది.

బిల్లు పేరు విషయం. మీకు చెప్పినవారు చట్టం సగమే చదివారు. కొన్న వ్యక్తి అనుమతితో వస్తువు వాడుకునేవారు కూడా వినియోగదారుడేనని వినియోగదారుల చట్టం 2(7) సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. డబ్బు మీ అబ్బాయి ఖాతా నుంచే వెళ్లింది, కాబట్టి ఆ రోజు బ్యాంకు స్టేట్‌మెంటు, తన మేనల్లుడి వాడకానికే ఈ కార్డు అని మీ బావమరిది అఫిడవిట్ జత చేయండి. వ్యాపార అవసరానికి కొన్నది కాబట్టి వినియోగదారుడు కాడనే అభ్యంతరం తప్పకుండా వస్తుంది. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే వాడేదాన్ని వ్యాపార అవసరంగా లెక్కించరాదని ఆ సెక్షన్ వివరణే అంటోంది. ఆ మాట ఫిర్యాదులో ఉండి తీరాలి, తర్వాత వాదనల్లో చెబుదాంలే అనుకోవద్దు. తనే కూర్చుని ఎడిట్ చేస్తాడని, జీతగాళ్లు లేరని రాయండి. పోయిన పెళ్లి ఆర్డర్లకు లక్షల్లో నష్టం అడగాలన్న కోరిక ఉంటే తగ్గించుకోండి. ఆ అంకె పెరిగేకొద్దీ మీ అబ్బాయి వినియోగదారుడిలా కాక వ్యాపారిలా కనిపిస్తాడు.

ఆ మిత్రుడు చేయించి ఇస్తానన్న బిల్లు జోలికి మాత్రం వెళ్లొద్దు, తమాషాకైనా. ఆ సీరియల్ నంబరు మీద ఇప్పటికే ఒక బిల్లు దుకాణం పుస్తకాల్లో, జీఎస్టీ రిటర్నుల్లో ఉంది. దానికి రెండో బిల్లు పుట్టిస్తే అది దొంగ పత్రం. దాన్ని నిజమైనదిగా కమిషన్ ముందు పెడితే భారతీయ న్యాయ సంహితలోని 336, 340 సెక్షన్ల కింద మీ అబ్బాయే నిందితుడవుతాడు. నిలిచే కేసును చేతులారా జైలు కేసుగా మార్చుకోవడమే అవుతుంది.

అసలు బిల్లు మీద ఇంకో ముడి ఉంది. 58 వేలలో 18 శాతం జీఎస్టీ అంటే సుమారు 8,850 రూపాయలు. దానికి ప్రెస్ ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకుందా, అంటే ఆ మొత్తాన్ని తను కట్టాల్సిన పన్నులో తగ్గించుకుందా? ప్రెస్ పనికి వాడని వస్తువు మీద తీసుకోవడమే తప్పు. తీసుకుని ఉంటే ప్రెస్ ఆడిటర్‌తో మాట్లాడి, ఫిర్యాదు వేయకముందే వడ్డీతో సహా వెనక్కి కట్టించండి. ‘ప్రెస్ వ్యాపారానికే కొన్నాం’ అని పన్నుల శాఖకు, ‘మా అబ్బాయి సొంతానికి’ అని కమిషన్‌కు చెప్పడం కుదరదు. కలిసొస్తుందనుకున్న ఆ కాస్త మొత్తం ఇంత పని పెట్టింది చూశారా!

ఇక గడువు. వినియోగదారుల చట్టం 69వ సెక్షన్ ప్రకారం కారణం పుట్టిన నాటి నుంచి రెండేళ్లు. కార్డు 2024 అక్టోబరు 9న పోయింది. తిరస్కరణ తేదీ నుంచి లెక్కించాలని వాదించవచ్చు గానీ, ఆ వాదన మీద ఆధారపడి నిద్రపోవద్దు. 2026 సెప్టెంబరు ముగిసేలోగా ఫిర్యాదు దాఖలు కావాలి. మీరు పంపే వాట్సాప్‌లు, వాళ్లిచ్చే ‘చూస్తాం సార్’లు, వినియోగదారుల 1915 హెల్ప్‌లైన్‌లో నమోదు, లాయర్ నోటీసు, ఇవేవీ గడియారాన్ని ఆపవు. పొగాకు 1988లో అగ్నిప్రమాదంలో కాలిపోతే 1997లో ఫిర్యాదు వేసిన కందిమళ్ల రాఘవయ్య అండ్ కంపెనీ కేసులో, మధ్యలో నడిచిన ఉత్తరాలు గడువును పెంచవని సుప్రీంకోర్టు 2009లో కొట్టేసింది. గడువు దాటాక తగిన కారణం చూపి ఆలస్యాన్ని మన్నించమనవచ్చు. ‘ఫోన్లు చేస్తూనే ఉన్నాం’ తగిన కారణం కాదు.

420 గురించి: 2024 జూలై 1 నుంచి అది న్యాయ సంహితలో 318వ సెక్షన్. అమ్మే రోజునే మోసం చేసే ఉద్దేశం ఉండాలి. నాలుగు నెలలు పనిచేసి పోయిన కార్డుకు అది అతకదు. స్టేషన్ చుట్టూ తిరిగి గడువు పోగొట్టుకోవద్దు.

చేయవలసింది ఇది. దుకాణానికి, దిగుమతిదారుకు, సర్వీస్ సెంటర్‌కు పదిహేను రోజుల గడువుతో స్పీడ్ పోస్టులో నోటీసు పంపండి, అందినట్టు రుజువు దాచండి. జవాబు రాకపోతే మీ జిల్లా కమిషన్‌లోనే ఫిర్యాదు వేయండి. ఫిర్యాదుదారు నివసించే చోట వేసే హక్కు వినియోగదారుల చట్టం 34వ సెక్షన్ ఇచ్చింది, సికింద్రాబాద్ తిరగనక్కర్లేదు. 5 లక్షల లోపు వస్తువుకు ఫీజు లేదు. ఈ-జాగృతి పోర్టల్‌లో ఆన్‌లైన్‌లోనూ వేయవచ్చు. ముగ్గురినీ ప్రతివాదులుగా చేర్చండి. ‘అమ్మేవరకే’ అన్న దుకాణాన్ని వదలొద్దు, మీరు డబ్బు కట్టింది దానికే. వాట్సాప్ సంభాషణను స్క్రీన్‌షాట్లతో సరిపెట్టకుండా మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి, ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి కావలసిన భారతీయ సాక్ష్య అధినియమ్ 63(4) సర్టిఫికెట్ జత చేయండి. అందులో ఒక భాగం మీ అబ్బాయి, రెండో భాగం నిపుణుడు సంతకం చేయాలి. ఆ ఫోన్ అమ్మొద్దు, ఫార్మాట్ చేయొద్దు.

ఫిర్యాదుతోపాటే, కార్డును ప్రభుత్వ నిధులతో నడిచే సంస్థకు పరీక్షకు పంపమని వినియోగదారుల చట్టం 38(2)(సి) కింద విడిగా దరఖాస్తు వేయండి. మీ ఊరి పక్కనే ఉన్న వరంగల్ ఎన్‌ఐటీ ఎలక్ట్రానిక్స్ విభాగం పేరు సూచించవచ్చు. పరీక్ష ఖర్చు మొదట మీరే కట్టాలి. ట్రాక్ ఎక్కడ తెగింది, ఎలా తెగింది, తయారీలోనా బయటి దెబ్బకా అన్న మూడు ప్రశ్నలు దరఖాస్తులోనే రాయండి. అడగని ప్రశ్నకు ల్యాబు జవాబు రాయదు.

నోటీసు అందాక దిగుమతిదారు మరో కార్డు ఇస్తామని రాజీకి రావచ్చు. వస్తే మంచిదే. కానీ దాని సీరియల్ నంబరు, కొత్తదా బాగుచేసినదా, వారంటీ ఏ తేదీ వరకు అన్నవి కాగితం మీద పెట్టించి, ఇంట్లో రెండు రోజులు పూర్తి లోడు మీద నడిపి చూశాకే ‘ఇక ఏ క్లెయిమూ లేదు’ అన్న పత్రం మీద మీ అబ్బాయి చేత సంతకం పెట్టించండి.