ప్రాజెక్ట్ అడగకండి, నిన్న పని ఎందుకు ఆగిందో అడగండి

మీ ప్రశ్న ఇదీ: హన్మకొండలో ఈఈఈ (ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్) మూడో సంవత్సరం చదువుతున్నారు. ఫైనల్ ఇయర్ ప్రాజెక్ట్ కొనేసుకోమని సీనియర్లు చెబుతున్నారు. మీకేమో ఏదైనా పరిశ్రమకు నిజంగా పనికొచ్చేది చేయాలని ఉంది. ఎవరిని అడగాలి, అసలు లోపలికి రానిస్తారా అని అడిగారు.

రానిస్తారు. "మాకు ప్రాజెక్ట్ ఇవ్వండి సార్" అంటే మాత్రం గేటు దగ్గరి నుంచే పంపించేస్తారు. ఇవ్వడానికి వాళ్ల దగ్గర ప్రాజెక్టులు ఉండవు, పని ఉంటుంది. ఆ పని రోజూ ఎక్కడో ఒకచోట ఆగుతుంది. ఎందుకు ఆగిందో అడిగితే కుర్చీ వేసి, చాయ్ తెప్పించి మరీ చెబుతారు. పదేళ్లుగా వరంగల్ దగ్గర ఒక ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెబుతున్నాను, అందులో ఆరేళ్లు మా డిపార్ట్‌మెంట్ ప్రాజెక్టుల బాధ్యత చూశాను. ఆ అనుభవంతోనే రాస్తున్నాను.

ముందు నా సంగతి. 2009లో నా బీటెక్ ప్రాజెక్ట్ కొన్నదే. నలుగురం తలా కొంత వేసుకుని అమీర్‌పేట వెళ్లి, సెల్‌ఫోన్‌తో మోటారు ఆన్, ఆఫ్ చేసే కిట్టు, దానితో పాటు బైండింగ్ చేసిన రిపోర్టు తెచ్చుకున్నాం. వైవా బాగానే జరిగింది. తర్వాత ప్యానెల్ బోర్డులు తయారుచేసే కంపెనీలో ఇంటర్వ్యూకు వెళ్తే అక్కడి ఇంజనీరు ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు: "ఈ రిలేకు 12 వోల్టుల కాయిల్ ఎందుకు పెట్టారు?" నా దగ్గర జవాబు లేదు. నాలుగేళ్ల చదువు చివర ఆ నిశ్శబ్దం నాకు ఇప్పటికీ గుర్తుంది. నా దగ్గర చదివే పిల్లలకు అది రాకూడదనే ఇదంతా మొదలుపెట్టాను.

ఇప్పుడు ఒక బ్యాచ్ గురించి కాస్త వివరంగా చెప్తాను. ఆ బ్యాచ్‌లో నలుగురు. ఒకమ్మాయిది పరకాల వైపు పత్తి పండించే ఇల్లు. పత్తి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ వాళ్లు తేమ 8 శాతం దాటితే ధర కోస్తారు, 12 దాటితే కొననే కొనరు. వాళ్ల నాన్న పత్తి బండి రెండుసార్లు వెనక్కి వచ్చిందట. అందుకని ఆర్డునో అనే చిన్న ఎలక్ట్రానిక్ బోర్డుతో చౌకగా తేమ మీటరు చేద్దామని అనుకున్నారు. మంచి ఆలోచనే. "ముందు మిల్లుకు వెళ్లి చూసి రండి, తర్వాత సైన్ చేస్తాను" అన్నాను. 2022 నవంబరులో, పత్తి బాగా వస్తున్న రోజుల్లో, నేనూ వాళ్లతో పాటు పత్తి నుంచి గింజలు వేరుచేసే ఒక జిన్నింగ్ మిల్లుకు వెళ్లాను.

సేటు మా మాట పూర్తిగా విని, డ్రాయర్ తీసి తేమ మీటరు బల్ల మీద పెట్టాడు. "ఇది ఉండనే ఉంది కదా బిడ్డా" అన్నాడు. పిల్లల ముఖాలు మాడిపోయాయి. సరిగ్గా అప్పుడే ఫిట్టర్ లోపలికి వచ్చాడు, చేతులు మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి. "బ్లోయర్ మోటర్ మళ్ల కాలింది సేటూ. రివైండింగ్‌కు పంపాలె" అన్నాడు. మోటారు కాలి, లోపలి తీగ మళ్లీ చుట్టించాల్సి రావడం ఆ సీజన్‌లో అది మూడోసారి. బ్లోయర్ ఆగితే పత్తి మిషన్ల దాకా రాదు, అంటే మిల్లంతా బంద్. బయట ట్రాక్టర్లు లైన్ కడతాయి, హమాలీలు ఊరికే కూర్చుంటారు. ఆ అమ్మాయి నా వైపు చూసింది. ప్రాజెక్ట్ దొరికిందని ఇద్దరికీ అర్థమైంది.

వోల్టేజీ సరిగ్గా రాకనే మోటారు కాలుతోందని సేటు నమ్మకం. పిల్లలు కూడా అదే రాసుకున్నారు. రెండు వారాలు వంతులవారీగా వెళ్లి అరగంటకోసారి వోల్టేజీ, కరెంటు, మోటారు బాడీ వేడి నోట్‌బుక్కులో రాశారు. వోల్టేజీ బాగానే ఉంది, కరెంటూ రేటింగ్ లోపలే ఉంది. వేడి ఒక్కటే పొద్దున పదింటికి 58 డిగ్రీలు ఉంటే మధ్యాహ్నం మూడింటికి 84కు పోతోంది. ఎందుకో కాగితం మీద ఎంత చూసినా తెలియలేదు. ఫిట్టర్ అన్న వచ్చి మోటారు వెనక ఫ్యాను మూత విప్పి చూపించాడు. జాలీ నిండా దూది, దుమ్ము పరుపులా పేరుకుపోయి ఉంది. గాలి పోయే సందు లేదు. "రోజూ పొద్దుగాల దులుపుతం, పగటికల్లా మళ్ల నిండుతది" అన్నాడు.

క్లాసులో మేం సరిగ్గా చెప్పనిది ఆ రోజు అక్కడ తేలింది. స్టార్టర్‌లో ఉండే, కరెంటు హద్దు దాటితే మోటారును ఆపే ఓవర్‌లోడ్ రిలే కరెంటును మాత్రమే చూస్తుంది, మోటారు వేడిని చూడదు. గాలి ఆగి మోటారు ఉడికిపోతున్నా కరెంటు మామూలుగానే ఉంటుంది కాబట్టి రిలే కదలదు. తట్టుకోగల హద్దు దాటాక ప్రతి 10 డిగ్రీలకు ఇన్సులేషన్ ఆయుష్షు సుమారు సగమవుతుందని మనం పరీక్షకు చదువుకుంటాం కదా. ఆ వాక్యానికి అర్థం ఆ జాలీ దగ్గర తెలిసింది.

మొదట సెన్సర్ పెట్టి, ఆర్డునో బోర్డు కట్టి, బజర్ మోగేలా చేశారు. ల్యాబులో చక్కగా పనిచేసిన బోర్డు మిల్లులో ఒక్క పూట కూడా నిలవలేదు. అదురుకు బ్రెడ్‌బోర్డు వైర్లు ఒక్కొక్కటే ఊడివచ్చాయి, సాయంత్రానికి బోర్డంతా దూదితో కప్పుకుపోయింది. వైర్లు సోల్డర్ చేసి, డబ్బాలో పెట్టి, సందులకు రబ్బరు వేసి మళ్లీ పెట్టారు. ఈసారి ఆ మోతలో బజర్ ఎవరికీ వినపడలేదు. బజర్ తీసి ఎర్ర లైటు పెట్టారు. ఇలా నాలుగుసార్లు మార్చారు. నా దృష్టిలో వాళ్లు ఇంజనీర్లయింది ఆ నాలుగు మార్పుల్లోనే.

చివరికి పరిష్కారం రివైండింగ్ షాపులో దొరికింది. మోటారును ఎలాగూ విప్పుతున్నప్పుడు, మూడు ఫేజుల వైండింగుల్లో ఒక్కో పీటీసీ థర్మిస్టర్ (వేడి హద్దు దాటితే నిరోధం ఒక్కసారిగా పెరిగే చిన్న సెన్సర్) పెట్టి, మూడింటినీ సిరీస్‌లో కలిపి వైరు బయటకు తీస్తే, చిన్న థర్మిస్టర్ రిలే, మోటారుకు కరెంటు ఇచ్చే కాంటాక్టర్ స్విచ్‌ను ట్రిప్ చేస్తుంది, మోటారు ఆగుతుంది. కొత్తగా కనిపెట్టిందేమీ కాదు, బజారులో దొరికేదే. కానీ ఆ మిల్లులో ఎవరూ పెట్టలేదు. దానితో పాటు ఫ్యాను మూత మీదికి విప్పి దులపడానికి వీలుగా ఇంకో జాలీ చేయించారు, మధ్యాహ్నం భోజనాల వేళ దాన్ని దులిపేలా మాట్లాడుకున్నారు. మొత్తం ఖర్చు ఒకసారి రివైండింగ్‌కు అయ్యేదానిలో సగం కూడా కాలేదు. ఫిబ్రవరి దాకా ఆ మోటారు కాలలేదు, రెండుసార్లు ట్రిప్ అయింది. ట్రిప్ అయిన రెండుసార్లూ జాలీ నిండి ఉంది.

వైవాలో ఎక్స్‌టర్నల్ ఎగ్జామినర్ "ఇందులో నావెల్టీ ఏముంది?" అని అడిగారు. ఆ అమ్మాయి నోట్‌బుక్కు తెరిచి ముందు పెట్టింది, ఏ రోజు ఏ గంటకు ఎంత వేడి ఉందో చూపించింది. ఆయన పావుగంట సేపు పేజీలు తిప్పుతూ కూర్చున్నారు. మార్కులు బాగానే వచ్చాయి. అయినా ఆ ప్రశ్నను మీరూ ఎదుర్కోవాలి, ముందే సిద్ధంగా ఉండండి. మన దగ్గర చాలామంది టైటిల్లో "స్మార్ట్" అనో "ఐఓటీ" అనో ఉంటేనే ప్రాజెక్ట్ అనుకుంటారు. నాకు ఆ పద్ధతి నచ్చదు. ఒక మిల్లు ఆగకుండా నడిచిందంటే, ఎందుకు నడిచిందో లెక్కతో చూపించగలిగితే, అది బీటెక్ ప్రాజెక్టుకు చాలు.

ఇక మీకు ఎవరూ చెప్పని అసలు ఇబ్బంది క్యాలెండరు. ప్రాజెక్ట్ స్టేజ్ 1 నాలుగు-ఒకటిలో (నాలుగో సంవత్సరం మొదటి సెమిస్టరు), స్టేజ్ 2 నాలుగు-రెండులో వస్తుంది. టైటిల్ ఇవ్వమని అడిగే రోజుల్లో జిన్నింగ్ మిల్లులకు తాళాలు ఉంటాయి. పత్తి దసరా దాటాక మొదలై ఫిబ్రవరి, మార్చి దాకా వస్తుంది. వరంగల్ ఏనుమాముల మార్కెట్‌కు మిర్చి ఎక్కువగా వచ్చేది ఫిబ్రవరి నుంచి. రైసు మిల్లులకు వానాకాలం వడ్లు ఒకసారి, ఏప్రిల్, మే నెలల్లో యాసంగి వడ్లు ఇంకోసారి. పని నడిచేటప్పుడే సమస్య కనపడుతుంది. కాబట్టి మూడో సంవత్సరంలో ఉండగానే ఒక సీజన్ చూసి పెట్టుకోవాలి, నాలుగో సంవత్సరం సీజన్‌లో బిగించి పరీక్షించాలి. మీరు ఇప్పుడు థర్డ్ ఇయర్‌లో ఉన్నారు కాబట్టి టైం చేతిలో ఉంది. ఫైనల్ ఇయర్‌లోకి వచ్చి అడిగి ఉంటే నా జవాబు వేరేలా ఉండేది.

పెద్ద సంస్థల సంగతి కూడా చెప్పాలి, అందరి కళ్లూ వాటి మీదే ఉంటాయి కనుక. రామగుండంలో ఎన్టీపీసీ, గోదావరిఖని, భూపాలపల్లి వైపు సింగరేణి, చెల్పూరులో 1100 మెగావాట్ల కాకతీయ థర్మల్ కేంద్రం, కాజీపేటలో రైల్వే. వెళ్లి చూడండి, అంత పెద్ద యంత్రాలు మనకు ఇంకెక్కడా కనపడవు. కానీ మీరు చేసిన డబ్బా అక్కడ బిగించనిస్తారని ఆశ పెట్టుకోవద్దు. భూగర్భ గనిలోకి మామూలు ఎలక్ట్రానిక్ బోర్డు తీసుకెళ్లడమే కుదరదు. మీథేన్ ఉండే చోట చిన్న నిప్పురవ్వ కూడా ప్రమాదమే, అందుకే అక్కడి కరెంటు సామానుకు గనుల భద్రత విభాగం అనుమతి ఉండాలి. ఆ నియమం ప్రాణాలు కాపాడేది, దాని మీద విసుక్కోకూడదు. మా పిల్లలు ఒక పెద్ద సంస్థకు ఉత్తరం పెట్టి మూడు నెలలు ఎదురుచూశారు. అనుమతి వచ్చాక నాలుగు వారాలు తిప్పి చూపించి సర్టిఫికెట్ ఇచ్చారు, ఒక్క రీడింగు కూడా బయటకు తీసుకెళ్లనివ్వలేదు. ఆ సెమిస్టరు పోయినట్టే అయింది. పెద్ద చోటికి వెళ్లాలనుకుంటే ఏ సమాచారం బయటకు ఇస్తారో, ఎప్పటికి ఇస్తారో మొదటి రోజే కాగితం మీద రాయించుకోండి.

అందుకే నేను చిన్న చోట్లే చెబుతాను. జిన్నింగ్ మిల్లులు, రైసు మిల్లులు, మిర్చి కోల్డ్ స్టోరేజీలు, కరీంనగర్ వైపు గ్రానైటు కటింగ్ యూనిట్లు, మీ వీధి చివర రివైండింగ్ షాపు. వీటిలో ఇంజనీరు ఉండడు. ఒక ఫిట్టరు, ఒక ఎలక్ట్రీషియన్ అంతా నడిపిస్తుంటారు. మీరు వెళ్లాల్సింది వాళ్ల దగ్గరికే. యజమాని అనుమతి ఇస్తాడు, సమస్య మాత్రం ఫిట్టరుకే తెలుసు. ఆయన్ను "అన్నా" అని పిలవండి, ఆయన పనికి అడ్డం రాకండి, ఆయన చెప్పింది రిపోర్టులో రాసేటప్పుడు ఆయన పేరూ రాయండి. మా పిల్లలు కృతజ్ఞతల పేజీలో ఫిట్టర్ పేరు ముందు పెట్టి, ఒక కాపీ తీసుకెళ్లి ఇచ్చారు. ఆయన దాన్ని స్టార్టర్ గదిలో దేవుడి పటం పక్కన పెట్టుకున్నాడు.

వెళ్లేటప్పుడు కాలేజీ లెటర్‌హెడ్ మీద ఒక ఉత్తరం, మీ గైడ్ ఫోన్ నంబరు తీసుకెళ్లండి. తెరిచి ఉన్న బెల్టుల దగ్గరికి చున్నీ, వదులు చొక్కా, చెప్పులు వద్దు, బూట్లు వేసుకోండి. మెయిన్ ఆఫ్ చేసి, అక్కడి ఎలక్ట్రీషియన్ పక్కన ఉంటే తప్ప ఏ ప్యానెల్లోనూ చేయి పెట్టకండి. ఇది నా పిల్లలకు పెట్టిన మొదటి షరతు, మీకూ అదే చెబుతున్నాను. మొదటి మూడు రోజులు ఏ పరిష్కారమూ చెప్పకండి. ఏది ఎన్నింటికి ఆగింది, ఎంతసేపు ఆగింది, ఎవరు ఎలా నడిపించారు, ఇది రాసుకుంటే చాలు.

గైడ్ ఒప్పుకోకపోతే? అది నిజమైన కష్టమే. ఒక్కో గైడ్ కింద ఆరేడు బ్యాచులు ఉంటాయి, మిల్లుకు రావడానికి వాళ్లకు టైం ఉండదు. వారానికోసారి నోట్‌బుక్కు పేజీలు ఫోటో తీసి పంపుతామని చెప్పండి, చాలామంది మెత్తబడతారు. అప్పటికీ కుదరకపోతే స్మార్ట్ ఇండియా హ్యాకథాన్ చూడండి. 2017 నుంచి జరుగుతోంది, మంత్రిత్వ శాఖలు, సంస్థలు ఇచ్చిన సమస్యలు అందులో ఉంటాయి. వాటిలో ఒకటి పట్టుకుంటే కాలేజీ కాదనదు. నా ఓటు మాత్రం మిల్లుకే.

ఇంకో మాట. ఆ సేటు మొన్న ఫోన్ చేశాడు. బేళ్లు కట్టే ప్రెస్ దగ్గర హైడ్రాలిక్ ఆయిల్ కారుతోంది, సీలు ఎన్నిసార్లు మార్చినా నెలకే పోతోంది, మెకానికల్ పిల్లలు ఎవరైనా ఉంటే ఈ సీజన్‌లో పంపమన్నాడు. మా దగ్గర ఈసారి బ్యాచులన్నీ నిండిపోయాయి. మీ కాలేజీలో మెకానికల్ వాళ్లు ఎవరైనా ఉంటే కామెంట్లో చెప్పండి, దసరా తర్వాత తీసుకెళ్తాను. మీరూ వాళ్లతో రండి, మోటారు దగ్గర ఆ జాలీ చూద్దురుగాని.