నాయనమ్మ మోకాళ్లేసిందా, కూర్చున్న చోటే తీసుకుందా?

ప్రశ్న: అన్నా, వందనాలు. మాది చంద్రాపూర్ జిల్లా, తాత కాలంలో మంచిర్యాల దిక్కు నుంచి బొగ్గు గనుల పనికి వచ్చినం, ఇంట్లో ఇప్పటికీ తెలుగే. మా పాత గుడిని అందరు స్కాచ్ మిషన్ చర్చి అంటరు. నాగపూర్‌ల చదివే మా బావ ఏమో, స్కాట్లాండ్ వాళ్లంటే ప్రెస్బిటేరియన్లే, కాబట్టి మనది కూడా ప్రెస్బిటేరియన్ చర్చే అంటున్నడు. ఇప్పుడు కమిటీ వాళ్లు రిపేర్ పెట్టిన్రు. గోడలకి సిమెంటు, కింద గ్రానైట్, పాస్టరు నిలబడి ప్రసంగం చెప్పే పుల్పిట్‌ని నడుమకి జరిపి వెనకాల పెద్ద స్క్రీన్ పెడతరట, వచ్చే సోమవారం కాంట్రాక్టర్ వస్తుండు. అసలు మాది ఏ చర్చి, ఎట్ల తెలుసుకోవాలె? ఈ మార్పులు చేయొచ్చా?
ఒక పాఠకుడు

జవాబు: తమ్ముడూ, వందనాలు. మీ బావ సగం కరెక్టే, ఆ మిగతా సగంలోనే మీ గుడి కథంతా ఉంది.

ప్రెస్బిటేరియన్ అనే మాట గ్రీకులో ప్రెస్బుటెరోస్ నుంచి వచ్చింది, అంటే పెద్ద. మన తెలుగు బైబిల్లో తీతు పత్రికలో ప్రతి పట్టణంలో పెద్దల్ని నియమించమని పౌలు రాస్తాడు కదా, ఆ పెద్దలే. ఈ పద్ధతిలో బిషప్, అంటే చాలా సంఘాల మీద ఒకడే అధికారి, ఉండడు, పాస్టరు గారూ సంఘం ఎన్నుకున్న పెద్దలూ కలిసి కూర్చుని నిర్ణయాలు చేస్తారు. 1560లో జాన్ నాక్స్ వాళ్ల సంస్కరణతో స్కాట్లాండ్ ఈ దారి పట్టింది, బిషప్‌లు ఉండాలా వద్దా అని ఆ తర్వాత వందేళ్లకి పైగా కొట్టుకున్నారు, చివరికి 1690లో ప్రెస్బిటేరియన్ పద్ధతే అక్కడి జాతీయ చర్చిది అయింది. బిషప్‌లు కావాలన్నవాళ్లు విడిగా మిగిలారు, వాళ్లదే స్కాటిష్ ఎపిస్కోపల్ చర్చి. అంటే స్కాచ్ వాళ్లలోనే రెండు రకాలు.

ఇప్పుడు మన దగ్గరికి రండి. నాగపూర్‌కి 1845లో వచ్చిన స్టీఫెన్ హిస్లాప్ ప్రెస్బిటేరియన్, అందులోనూ 1843లో జాతీయ చర్చి నుంచి చీలి బయటికొచ్చిన ఫ్రీ చర్చి మనిషి. హిస్లాప్ కాలేజీ పేరు ఆయనదే. ఆయన గురించి రెండు ముక్కలు చెప్పకుండా ఉండలేను, ఎందుకంటే బడి నడుపుతూనే మన వార్ధా లోయ రాళ్లన్నీ తిరిగి చూశాడు, మాంగ్లీ అనే ఊరి రాతిలో దొరికిన పాతకాలపు ఉభయచర జంతువు పుర్రెని లోకానికి చూపించింది ఆయనా ఆయన తోటి మిషనరీ రాబర్ట్ హంటరూనే, గోండుల పాటలు కూడా రాసిపెట్టుకున్నాడు, 1863 సెప్టెంబర్లో టాకల్‌ఘాట్ దగ్గర పాత రాతి వలయాలు చూడ్డానికి వెళ్లి తిరిగొస్తూ వరద వాగులో మునిగి చనిపోయాడు. మన నేలని అంత ప్రేమగా చూసిన మనిషి.

కానీ చాందా మిషన్ (చాందా అంటే మీ చంద్రాపూర్ పాత పేరే) హిస్లాప్ వాళ్లది కాదు. చాందాలో పని చేసింది స్కాటిష్ ఎపిస్కోపల్ చర్చి, అంటే బిషప్‌ల వైపు స్కాచ్ వాళ్లు. చాందాలో ఏళ్ల తరబడి ఉన్న అలెక్స్ వుడ్ గారు తర్వాత నాగపూర్ బిషప్ కూడా అయ్యారు. కాబట్టి మీది చాందా మిషన్ కట్టిన గుడే అయితే అది స్కాచ్ చర్చి అవును, ప్రెస్బిటేరియన్ కాదు. సెయింట్ ఆండ్రూస్ అనే పేరు చూసి కూడా పొరబడొద్దు, ఆండ్రూ స్కాట్లాండ్ మొత్తానికి పునీతుడు, ఇద్దరూ ఆ పేరే పెట్టుకుంటారు.

మరి గుడిని చూసి ఎట్లా తెలుసుకోవాలి అంటే, బయట బురుజు చూసి కాదు, లోపలికెళ్లి తూర్పు గోడ వైపు చూడండి. ఎపిస్కోపల్ గుడిలో ఆ కొసన రెండు మూడు మెట్ల ఎత్తులో బలిపీఠం, దాని ముందు చెక్క కటకటా, పుల్పిట్ ఒక పక్కకి, బాప్తిస్మపు రాతితొట్టి తలుపు దగ్గర ఉంటాయి. ప్రెస్బిటేరియన్ పాత పద్ధతిలో నడుమ పుల్పిట్టే పెద్దది, దాని కింద బలిపీఠం కాదు మామూలు బల్ల, చుట్టూ పెద్దలు కూర్చునే కుర్చీలు, కటకటా ఉండదు. వాక్యం అందరికీ వినపడాలి, అదే వాళ్ల లెక్క. దీనికి మన దక్షిణంలో గొప్ప ఉదాహరణ చెన్నై ఎగ్మోర్‌లో ఉన్న సెయింట్ ఆండ్రూస్ కిర్క్ (కిర్క్ అంటే స్కాట్లాండ్ మాటలో చర్చి), 1818లో మొదలుపెట్టి 1821లో తెరిచారు, డి హావిలాండ్ అనే మద్రాసు ఇంజనీరు కట్టించాడు. నేల మెత్తగా ఉందని కింద బావులు దింపి వాటిమీద పునాది వేశారు, లోపల గుండ్రం, 16 స్తంభాల మీద నీలం రంగు గుమ్మటం, అందులో నక్షత్రాలు. నేను ఒకసారి మధ్యాహ్నం ఆ గుమ్మటం కింద నిలబడి మెడ నొప్పి పుట్టేదాకా చూశాను.

1970 నవంబర్ 29న నాగపూర్‌లోనే ఈ రెండు పాయలూ ఇంకొన్ని సంఘాలతో కలిసి సీఎన్ఐ, అంటే చర్చ్ ఆఫ్ నార్త్ ఇండియా అయ్యాయి, కాబట్టి ఇప్పుడు బోర్డు మీద ఒకటే పేరు ఉంటుంది. అందుకే లోపలి ఏర్పాటు ఇంకా ముఖ్యం, బోర్డు చెప్పనిది అదే చెప్తుంది. పుల్పిట్‌ని నడుమకి జరిపితే మీ గుడి ఎన్నడూ కానిదాన్ని అయినట్టు కనిపిస్తుంది, బలిపీఠం మరుగున పడుతుంది. స్క్రీన్ కావాలంటే పక్క గోడకి స్టాండ్ మీద పెట్టుకోండి.

సిమెంటు సంగతి కచ్చితంగా చెప్తున్నా, వద్దు. పాత గోడ సున్నంతో కట్టింది, అది తేమ పీల్చి వదుల్తూ ఉంటుంది. దానిమీద సిమెంటు పూస్తే తేమ లోపలే ఇరుక్కుంటుంది, నాలుగైదు వర్షాకాలాలకి ఉప్పు పొంగి పూత పెచ్చులు పెచ్చులుగా ఊడుతుంది, గోడ కూడా లోపల పాడవుతుంది. ముందు పైకప్పు పెంకులు, నీళ్లు పోయే కాలవలు సరిచేయించండి, సగం చెమ్మ అక్కడే ఆగిపోతుంది. తర్వాత సున్నం పనే తెలిసిన మేస్త్రీని పెట్టుకోండి. కింద గ్రానైట్ పరిచినా చెమ్మ గోడలకే ఎక్కుతుంది. పాత బెంచీలు మన అడవి టేకువైతే అమ్మకండి, బల్లార్షా డిపోలో టేకు రేటు ఎంతుందో మీకే తెలుసు, అంత మంచి కర్ర మళ్లీ దొరకదు.

రుజువు కావాలంటే పాస్టరు గారిని అడిగి పాత రిజిస్టర్లు తీయించండి, బిషప్ వచ్చి పిల్లల తల మీద చేతులుంచి కన్ఫర్మేషన్ (విశ్వాసాన్ని స్థిరపరిచే ఆచారం) ఇచ్చిన పేజీలు ఉంటే ఇక వాదనే లేదు. అంతకన్నా సులువు ఇంకోటి ఉంది. చిన్నప్పుడు మా మేనత్త వాళ్ల ఊరి గుడిలో కటకటా కింద మోకాళ్లు పెట్టే పలక నడుమ నున్నగా గుంట పడి ఉండేది, నేను దాన్లో వేళ్లు పెట్టి చూసేవాణ్ని. అట్లాంటి పలక మీ గుడిలో ఉందేమో వంగి చూడండి. ఇంట్లో నాయనమ్మ ఉంటే ఆమెనీ అడగండి, ఆ రోజుల్లో ప్రభు భోజనానికి ముందుకెళ్లి మోకాళ్లేసేదా, లేకపోతే కూర్చున్న బెంచీ దగ్గరికే పెద్దలు రొట్టె పళ్లెం, గిన్నె తెచ్చి అందించేవారా అని. మోకాళ్లేశాను అంటే మీది ఎపిస్కోపల్ గుడే, మీ బావకి ఫోన్ చేసి ఆమెతోనే మాట్లాడించండి, కాంట్రాక్టర్ వచ్చే సోమవారం లోపే.