రెండు కెమెరాలకూ అందని చిన్నపేగు

ప్రశ్న: మాది హైదరాబాద్, మల్కాజిగిరి. మా బాబుకు నాలుగేళ్లు. గత నెలలో రెండుసార్లు, నొప్పేమీ లేకుండానే, బీట్‌రూట్ రసం రంగులో రక్త విరేచనమైంది. హిమోగ్లోబిన్ 7కు పడిపోతే రక్తం ఎక్కించారు. ఎండోస్కోపీ, కొలనోస్కోపీ చేసి రెండూ నార్మల్ అన్నారు. ఇప్పుడు చిన్నపేగులో పుట్టుకతో వచ్చిన లోపం ఉండవచ్చని, ముందు ఒక స్కాన్, అవసరమైతే క్యాప్సూల్ ఎండోస్కోపీ (మాత్రలా మింగే చిన్న కెమెరాతో పరీక్ష) చేయాలని అంటున్నారు. రెండు కెమెరాలకు కనిపించనిది మూడోదానికి కనిపిస్తుందా? కడుపుతో ఉన్నప్పుడు నేను చేసిన పొరపాటేమైనా కారణమా?
— ఒక తల్లి

జవాబు: మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతానమ్మా. మీరు తిన్నదీ, తిననిదీ, చేసిన ప్రయాణమూ, చూసిన గ్రహణమూ ఏవీ దీనికి కారణం కావు. పిండానికి తొలి వారాల్లో పేగునూ బొడ్డువైపునూ కలిపే ఒక సన్నని గొట్టం ఉంటుంది. అది దాదాపు ఏడో వారానికల్లా మూసుకుపోవాలి. కొందరిలో పేగువైపు భాగం మిగిలిపోయి చిన్న తిత్తిలా ఉండిపోతుంది. దీన్నే మెకెల్స్ డైవర్టిక్యులమ్ అంటారు. నూటికి ఇద్దరిలో ఇది ఉంటుంది, చాలామందికి జీవితాంతం ఏ ఇబ్బందీ కలిగించదు. అయితే కొందరి తిత్తిలో జీర్ణాశయపు లోపలి పొర లాంటిదే పెరిగి ఆమ్లాన్ని స్రవిస్తుంది. ఆ ఆమ్లం పక్కనున్న పేగుకు పుండు చేసి, నొప్పి లేకుండా రక్తం పోయేలా చేస్తుంది. మీ బాబు లక్షణాలు దీనికి దగ్గరగా ఉన్నాయి కాబట్టే మీ డాక్టరు అలా అనుమానించి ఉంటారు.

నోటి ద్వారా వెళ్లే ఎండోస్కోపు చిన్నపేగు మొదటి భాగం వరకే వెళుతుంది, కొలనోస్కోపు పెద్దపేగంతా చూసి చిన్నపేగు చివరి కొన్ని సెంటీమీటర్ల దగ్గర ఆగిపోతుంది. పెద్దవాళ్లలో సుమారు 6 మీటర్లుండే చిన్నపేగులో మధ్య భాగమంతా ఆ రెంటికీ అందదు. అందువల్ల రెండూ నార్మల్ అన్న మాటకు ‘చూసినంత మేర బాగుంది’ అని మాత్రమే అర్థం.

మీ డాక్టరు ముందు చేయాలన్న స్కాన్‌లో టెక్నీషియం అనే రేడియోధార్మిక మందును నరానికి ఎక్కిస్తారు. జీర్ణాశయపు పొర ఎక్కడుంటే అక్కడ అది చేరుతుంది కనుక, పొట్ట కింది భాగంలో మరో చుక్క వెలిగితే తిత్తి దొరికినట్టే. వెలగనంత మాత్రాన తిత్తి లేదని తేల్చడానికి వీల్లేదు. అప్పుడే క్యాప్సూల్ అవసరమవుతుంది. అరచేతిలో పెట్టి చూస్తే 26 మిల్లీమీటర్ల పొడవు, 11 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది, పెద్ద మాత్రంత. మింగలేని పిల్లలకు మత్తు ఇచ్చి, ఎండోస్కోపు సాయంతో చిన్నపేగు మొదట్లో వదులుతారు. పేగు ఎక్కడైనా ఇరుకుగా ఉంటే అది ఇరుక్కుపోవచ్చు, కాబట్టి ఇరుకు లేదని ముందే ఎలా నిర్ధారిస్తారో అడగండి. అది బయటికి వచ్చేసిందని తేలేదాకా ఎంఆర్‌ఐ చేయించకూడదు. క్యాప్సూల్ తిత్తి ముందునుంచి వెళ్లినా పట్టుకోలేకపోవచ్చన్నదీ గుర్తుంచుకోండి.

జపాన్ వైద్యుడు యమమోటో 2001లో వెలుగులోకి తెచ్చిన డబుల్ బెలూన్ ఎంటరోస్కోపీ (రెండు బెలూన్ల సాయంతో చిన్నపేగు లోపలిదాకా కెమెరా గొట్టాన్ని పంపే పరీక్ష) తిత్తి ద్వారాన్ని నేరుగా చూపగలదు, కానీ నాలుగేళ్ల పిల్లవాడికి అది చిన్న పని కాదు. అనుమానం బలంగా ఉండి రక్తం మళ్లీ పోతుంటే, లాప్రోస్కోపీతో, అంటే పొట్టపై చిన్న రంధ్రాల ద్వారా కెమెరా పంపి చూసి అప్పుడే తిత్తిని తొలగించడం మేలని నా అభిప్రాయం.

పుట్టుకతో వచ్చే లోపాలన్నిటికీ కెమెరా సరైన పరీక్ష కాదు. చిన్నపేగు మొదట్లో అడ్డుగా ఉండే పొరను ఎండోస్కోపు చక్కగా చూపుతుంది. పేగు మెలికపడే లోపానికి మాత్రం కాంట్రాస్ట్ ఎక్స్‌రేనే (పేగు కనిపించేలా చేసే ద్రవాన్ని లోపలికి పంపి తీసేది) ప్రధానం, పసిబిడ్డ ఆకుపచ్చ పసరు కక్కితే గంట కూడా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఈలోగా మీ బాబుకు రక్తం మళ్లీ పోయినా, ముఖం పాలిపోయినా, నీరసపడినా, అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా అత్యవసర విభాగానికి వెళ్లండి. పాత రిపోర్టులతో పాటు, వీలైతే విరేచనం ఫొటో కూడా చూపించండి.