పాత అంబాసిడర్ మైలేజీ గురించి మేనల్లుడికి

బసవనగుడి, బెంగళూరు

చిరంజీవికి మామయ్య ఆశీస్సులు.

మీ నాన్నగారి 1968 నాటి అంబాసిడర్‌ను విజయవాడ నుంచి తెప్పించుకుని ఆరు నెలలు గడిచినా లీటరుకు ఆరు కిలోమీటర్లకు మించి రావడం లేదనీ, మెకానిక్ మూడుసార్లు కార్బురేటర్ (పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు పంపే భాగం) విప్పి బిగించినా ఫలితం లేదనీ నీవు ఫోనులో చెప్పిన దగ్గర నుంచి ఆ సంగతే ఆలోచిస్తున్నాను. ఫోనులో చెబితే సగం చెవిలోనే ఉండిపోతుంది కనుక తీరిగ్గా రాస్తున్నాను. నాలుగోసారి మాత్రం కార్బురేటర్ విప్పనివ్వకు. మైలేజీ పడిపోయిన పాత కారులో దాని మీద చెయ్యి వేయవలసింది అన్నిటికన్నా ఆఖరున.

అసలు ఆ ఆరు అన్న లెక్క ఎంతవరకు నిజమో ముందు తేల్చుకో. మారతహళ్లి నుంచి సిల్కు బోర్డు దాకా గంటసేపు ఆగి ఆగి నడిచిన బండి మైలేజీని చూసి ఇంజన్‌ను తప్పుపట్టడం న్యాయం కాదు. ఒక ఆదివారం తెల్లవారుజామున ట్యాంకు మూతి దాకా నింపించి, తుమకూరు రోడ్డు మీద గంటకు యాభై, అరవై కిలోమీటర్ల వేగంతో వెళ్లి వచ్చి, అదే బంకులో, అదే పంపు దగ్గర, మళ్లీ మూతి దాకా నింపించి లెక్క కట్టు. దారిలో కిలోమీటరు రాళ్ల లెక్కన పది కిలోమీటర్ల దూరాన్ని మీటరు ఎంత చూపిస్తోందో కూడా గమనించు. ఈ కారుకు మొదట వచ్చినవి 5.90-15 సైజు టైర్లు. వాటి బదులు చుట్టుకొలత తేడా ఉన్న రేడియల్ టైర్లు వేసి ఉంటే మీటరు చూపే దూరమే తప్పవుతుంది. పాతకాలం వాళ్లు ముప్పై వచ్చేదని చెబితే అది గ్యాలనుకు ముప్పై మైళ్లు అని గుర్తుపెట్టుకో. గ్యాలను 4.546 లీటర్లు కనుక అది మన లెక్కలో లీటరుకు పదిన్నర కిలోమీటర్లే. ఈ 1,489 సీసీ ఇంజన్ హైవే మీద తొమ్మిది, పది, ఊళ్లో ఏడు, ఎనిమిది ఇస్తే ఆరోగ్యంగా ఉన్నట్టేనని నా అనుభవం.

ఆ ప్రయాణం నుంచి తిరిగి రాగానే, చివరి కిలోమీటరు వీలైనంత తక్కువ బ్రేకు వేసి వచ్చి, కారు ఆపీ ఆపగానే దిగి నాలుగు చక్రాల మధ్యభాగాన్ని వరుసగా చేత్తో తాకి చూడు. మూడు గోరువెచ్చగా ఉండి ఒకటి చెయ్యి పెట్టలేనంత కాలుతుంటే అక్కడ బ్రేకు పట్టేసినట్టే. నాలుగు చక్రాలకూ డ్రమ్ బ్రేకులే ఉన్న బండి ఏళ్ల తరబడి షెడ్డులో నిలబడితే వీల్ సిలిండర్లలో తుప్పు చేరుతుంది, హ్యాండ్ బ్రేకు తీగ బిగుసుకుంటుంది, రబ్బరు గొట్టం లోపల ఉబ్బి ద్రవాన్ని వెనక్కి రానివ్వదు. జాకీ ఎత్తి చక్రం తిప్పితే, తిరిగి తిరిగి మెల్లగా ఆగాలి. సగం చుట్టులో నిలిచిపోకూడదు. మూడుసార్లు కార్బురేటర్ విప్పిన మనిషి ఒక్కసారైనా జాకీ పెట్టి చూశాడా అన్నది అతన్ని అడుగు.

తరువాత థర్మోస్టాట్, అంటే ఇంజన్ వేడెక్కేదాకా నీళ్లను రేడియేటరుకు వెళ్లనివ్వకుండా ఆపే కవాటం. మన దేశం వేడి దేశం, ఇది అనవసరం అని చెప్పి దాన్ని పీకి పారేయడం మన వర్క్‌షాపుల్లో పాత అలవాటు. దీన్ని నేను ఎన్నడూ ఒప్పుకోలేదు. థర్మోస్టాట్ లేని ఇంజన్ సుమారు 80 డిగ్రీల వేడికి త్వరగా చేరుకోదు. బెంగళూరు డిసెంబరు ఉదయాల్లో అయితే ఆఫీసు దాకా వెళ్లినా చేరుకోదు. చల్లటి ఇంజన్‌లో పెట్రోలు సరిగ్గా ఆవిరి కాక సిలిండరు గోడలకు అంటుకుని ఆయిలులో కలుస్తుంది, చల్లటి ఇంజన్‌కు పెట్రోలు ఎక్కువ పోయించే చోక్ ఎక్కువసేపు లాగి ఉంచవలసి వస్తుంది, రింగులు త్వరగా అరుగుతాయి. రేడియేటరు పై గొట్టం బిగించిన మూత విప్పి లోపల థర్మోస్టాట్ ఉందో లేదో స్వయంగా చూడు. లేకపోతే కారు విడిభాగాలు దొరికే జేసీ రోడ్డులో కొని, వేయించే ముందు ఇంట్లో గిన్నెడు నీళ్లలో వేసి కాచి, అది తెరుచుకోవడం నీ కళ్లతో చూసి మరీ వేయించు.

ఇప్పుడు కరెంటు వైపు రావాలి. కార్బురేటర్ జబ్బు అని మన దగ్గరకు వచ్చిన కార్లలో చాలా వాటికి అసలు జబ్బు ఇక్కడే దొరికేది. డిస్ట్రిబ్యూటర్‌లో (స్పార్కును ప్లగ్గులకు పంచే భాగంలో) కరెంటును తెంపి కలిపే పాయింట్ల గ్యాపు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు, ప్లగ్గుల గ్యాపు 0.6 మిల్లీమీటర్లు ఉండాలి; కంటి అంచనాతో కాకుండా ఫీలర్ గేజి (సందు కొలిచే పలచటి రేకులు) పెట్టి చూడాలి. ఆపైన, డిస్ట్రిబ్యూటర్ పక్కన చిన్న డబ్బీలా అతుక్కుని ఉండే వాక్యూమ్ యూనిట్‌ను మరచిపోకు. తేలికగా, నిలకడగా వెళుతున్నప్పుడు స్పార్కును ముందుకు జరిపి పెట్రోలు ఆదా చేసేది అదే. దాని లోపలి డయాఫ్రమ్ (పలచటి పొర) చిరిగినా కారు బాగానే నడుస్తుంది కనుక ఎవరూ పట్టించుకోరు, హైవే మైలేజీ మాత్రం చెప్పాపెట్టకుండా పడిపోతుంది. పరీక్ష చాలా సులువు. డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, కార్బురేటర్ వైపు గొట్టం ఊడదీసి, ఆ చివర నోటితో గాలి పీల్చి నాలుకతో మూసిపట్టు. లోపలి ప్లేటు కొద్దిగా తిరిగి, నీవు నాలుక తీసేదాకా అక్కడే నిలబడాలి. కదలకపోయినా, కదిలి వెంటనే వెనక్కి జారిపోయినా యూనిట్ మార్చవలసిందే. ప్లేటు కింద ఉండే అడ్వాన్స్ బరువులు తుప్పుపట్టి బిగుసుకోకుండా చుక్క నూనె వేయించు. టాపెట్లు (వాల్వులను కదిపే భాగాలు) పుస్తకంలో రాసిన గ్యాపుకు సరిచూసి, నాలుగు సిలిండర్ల కంప్రెషన్ (లోపలి ఒత్తిడి) కొలిపించు. ఒకటి మిగతా వాటికన్నా బాగా తక్కువగా ఉంటే ఏ ట్యూనింగ్ చేసినా ప్రయోజనం ఉండదు.

విజయవాడలో బాగా నడిచిన కారు ఇక్కడ ఎందుకు మొరాయిస్తోందని నీవు అడిగిన ప్రశ్నలో నిజానికి మంచి విషయం ఉంది. బెంగళూరు సముద్రమట్టానికి సుమారు 920 మీటర్ల ఎత్తున ఉంది. ఇక్కడి గాలి కోస్తా గాలి కన్నా నూటికి ఎనిమిది, తొమ్మిది వంతులు పలచన. కోస్తాలో సరిచేసిన కార్బురేటర్ ఇక్కడికి వచ్చాక గాలికి తగినదానికన్నా కొంచెం ఎక్కువ పెట్రోలు పోస్తుంది, అంటే మిక్స్చర్ రిచ్ అవుతుంది. దీనికి ఎదురుగా మరొకటి పనిచేస్తోంది. 2023 ఫిబ్రవరిలో ఈ బెంగళూరులోనే ప్రధానమంత్రి ఆరంభించిన ఈ20 పెట్రోలులో నూటికి ఇరవై వంతులు ఇథనాల్. ఇథనాల్ మండడానికి గాలి తక్కువ చాలు కనుక, అదే జెట్టుతో (పెట్రోలు వచ్చే సన్న రంధ్రంతో) పోసిన ఈ20 మిక్స్చర్‌ను లీన్ వైపు, అంటే పెట్రోలు తక్కువయ్యే వైపు, లాగుతుంది. ఎత్తు ఒక వైపు, ఇథనాల్ మరో వైపు లాగుతున్నప్పుడు ఏ కాలం నాటి సెట్టింగ్ అయినా మక్కీకి మక్కీ పనికిరాదు. నీ కారుకు ఏది సరి అన్నది నీ ప్లగ్గుల రంగే చెప్పాలి. ఇథనాల్‌లో లీటరుకు ఉండే శక్తి పెట్రోలులో ఉండే దానిలో మూడింట రెండు వంతులే కనుక, నూటికి ఆరు, ఏడు వంతుల మైలేజీ ఎటూ తగ్గుతుంది. ఆ మేరకు కారును గాని, నిన్ను నీవు గాని నిందించుకోవద్దు. అయితే ఇథనాల్ పాత రబ్బరును మెత్తబరుస్తుంది, ట్యాంకులోని పాత జిగురును కరిగించి ఫిల్టరుకు తెస్తుంది. అందువల్ల గొట్టాలన్నీ ఇథనాల్‌కు తట్టుకునే రకానికి మార్పించు. ఇంజన్ ఆయిలు చూసే కడ్డీ తీసి వాసన చూడు. పెట్రోలు వాసన కొడుతూ ఆయిలు మట్టం పెరిగి ఉంటే పెట్రోలు పంపు డయాఫ్రమ్ చిరిగి పెట్రోలు లోపలికి కారుతోందని అనుమానించి, కారును ఇంక నడపకుండా బాగుచేయించు.

ఇవన్నీ సరి అయ్యాక, అప్పుడు కార్బురేటర్. నీ కారుకు ఉన్నది ఎస్.యు. రకం. దానిలో గాలిని బట్టి పైకీ కిందికీ కదిలే ఒక పిస్టన్ ఉంటుంది, దానికి బిగించిన సూది జెట్టులో కదులుతూ పెట్రోలును కొలిచి వదులుతుంది. డాష్‌బోర్డులోని చోక్ లాగి, మళ్లీ లోపలికి నొక్కి, కార్బురేటర్ అడుగున ఉన్న జెట్ పూర్తిగా పైకి తిరిగి వచ్చిందో లేదో చూడు. తీగ బిగిసి జెట్ ఒక్క మిల్లీమీటరు కిందనే ఉండిపోయినా, రోజంతా సగం చోక్ లాగి నడిపినట్టే. ఎయిర్ ఫిల్టరు విప్పి పిస్టన్‌ను వేలితో పైకెత్తి వదిలితే అది టక్కుమని దిగాలి. పై మూత విప్పితే లోపల పలచటి ఇంజన్ ఆయిలు ఉండాలి. యాభై ఏళ్లు నడిచిన కార్బురేటర్‌లో సూది జెట్టుకు రాసుకుని రాసుకుని గుండ్రటి రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. భూతద్దం పెట్టి చూస్తే తెలుస్తుంది. అలా అయిన జెట్టును ఎంత తిప్పినా ట్యూనింగ్ నిలవదు, సూదీ జెట్టూ కొత్తవి జతగా వేయించడమే దారి. చివరగా ఇంజన్ వేడెక్కాక పిస్టన్‌ను సుమారు ఒక మిల్లీమీటరు మాత్రమే ఎత్తు. ఇంజన్ వేగం పెరిగి అలాగే ఉంటే రిచ్, ఆగిపోబోతే లీన్, క్షణం పాటు కొద్దిగా పెరిగి సర్దుకుంటే సరిగ్గా ఉన్నట్టు.

లీన్ చేస్తే మైలేజీ వస్తుందనే ఆశకు మాత్రం లొంగకు. 1986లో నా అంబాసిడర్‌కు నేనే జెట్టు నట్టును రెండు పలకలు (నట్టు ముఖాలు ఆరింటిలో రెండు) పైకి బిగించి లీన్ చేశాను. నెల రోజులు లీటరుకు ముప్పాతిక కిలోమీటరు ఎక్కువ వచ్చింది, సంతోషించాను. తిరుపతి నుంచి తిరిగి వస్తూ మొగిలి ఘాట్ ఎక్కుతుండగా మిస్ కొట్టడం మొదలై, పలమనేరు చేరేసరికి మూడు సిలిండర్ల మీద నడిచింది. సిలిండర్లను పైనుంచి మూసే హెడ్ విప్పితే మూడో సిలిండరు ఎగ్జాస్ట్ వాల్వు అంచు గోరంత మేర కరిగిపోయి, పక్కన బూడిదరంగు పొక్కులు లేచి ఉన్నాయి. ఈ ఇంజన్‌లో రెండు, మూడు సిలిండర్లు పొగను ఒకే దారిన వదులుతాయి కనుక అక్కడ వేడి ఎక్కువ, లీన్ మిక్స్చర్‌కు ముందుగా బలయ్యేవీ అవే. పెట్రోలులో మిగిల్చుకున్న దానికి ఎన్నో రెట్లు హెడ్ పనికి పోయింది. మీ అమ్మ కూడా ఆ రోజు కారులో ఉంది, అడిగితే చెబుతుంది.

పెట్రోలు గొట్టానికి కట్టే అయస్కాంతాలు, ట్యాంకులో పోసే మందులు, ఖరీదైన హై ఆక్టేన్ పెట్రోలు ఈ తక్కువ కంప్రెషన్ ఇంజన్‌కు ఏ మేలూ చేయవు, వాటికి డబ్బు పెట్టకు. గేర్లు త్వరగా మార్చు, టాప్ గేరులో ఇంజన్ గింజుకునేంత నెమ్మదిగా మాత్రం నడపకు.

వచ్చే ఆదివారం మా ఇంటికి ఆ కారులోనే రా. బయలుదేరే ముందు చోక్ పూర్తిగా లోపలికి నొక్కి, దారిలో ఎక్కువసేపు ఐడిలింగ్‌లో నిలబెట్టకుండా వచ్చి, గేటు ముందు వెంటనే ఇంజన్ ఆపెయ్యి. ప్లగ్గులు అక్కడే విప్పి, ఏ సిలిండరుది ఆ నంబరు రాసిన కాగితం మీద వరుసగా పెట్టి చూద్దాం. నల్లటి మసి (రిచ్) ఉందా, బిస్కట్టు రంగు (సరి) ఉందా అన్నది చూశాకే జెట్టు ఎటు తిప్పాలో, అసలు తిప్పాలో వద్దో నిర్ణయిద్దాం. ఫీలర్ గేజి నా దగ్గర ఉంది, నీవు తుమకూరు రోడ్డు లెక్క రాసుకున్న కాగితం మాత్రం మరచిపోకుండా తీసుకురా.

ఇట్లు,
మీ మామయ్య