రాడ్డు పట్టుకోకుండా బస్సులో నిలబడమన్న మా కరాటే సార్

కొందరు కరాటే మాస్టర్లను శిష్యులు పెద్దయ్యాక కూడా ఎందుకు తలుచుకుంటారు, మీ పాపను కరాటేలో చేర్చే ముందు మాస్టర్‌లో ఏం చూడాలి అని మీరు అడిగారు. నాకు తెలిసిందల్లా కర్నూలు వన్‌టౌన్‌లో ఒక గవర్నమెంటు స్కూలు గ్రౌండు, అక్కడ తెల్లారుజామున క్లాసు చెప్పిన ఒక ఆర్టీసీ కండక్టరు. మేం సార్ అనేవాళ్లం. పేరు రాస్తే ఆయనకు కోపం, అందుకే రాయడం లేదు.

నా సమాధానం ముందే చెప్పేస్తాను. మాకు పాఠం చెప్పే మనిషి ఇంకొకరి దగ్గర పాఠం నేర్చుకుంటూ, తప్పు చేసి తిట్లు తినడం మేం కళ్లారా చూశాం. ఆయనంటే మాకు అంత గురి కుదరడానికి అదే కారణం. తన్నులు, గుద్దులు ఎవరైనా నేర్పుతారు.

నైటౌట్ డ్యూటీ దిగి, కొన్నిసార్లు ఖాకీ బట్టలతోనే నేరుగా గ్రౌండుకు వచ్చేవాడు. వచ్చీ రాగానే చీపురు పట్టేవాడు. రాత్రిపూట ఎవరో సీసాలు పగలగొట్టి పోయేవాళ్లు, పొద్దున మేకలు తిరిగేవి. మేం ఉత్త కాళ్లతో దూకాలి గదా. సీనియర్లు చీపురు అందుకోబోతే ఇచ్చేవాడు కాదు. "మీరు ఆ మూలనుంచి రాళ్లేరండి" అనేవాడు.

కరాటేలో షోటోకాన్ అనే పద్ధతికి మూలపురుషుడు గిచిన్ ఫునకోషి గురించి నేను చాలా ఏళ్ల తర్వాత చదివాను. ఆయన ఒకినావాలో బడిపంతులు. 1922లో, యాభై దాటిన వయసులో, ప్రదర్శన ఇవ్వడానికి టోక్యో వెళ్లి అక్కడే ఉండిపోయాడు. చేతిలో డబ్బు లేదు. ఒకినావా విద్యార్థుల హాస్టల్లో ఒక చిన్న గదిలో ఉంటూ, అక్కడే కాపలా కాస్తూ, ఆవరణ ఊడుస్తూ కరాటే నేర్పాడు. అది చదివినప్పుడు నాకు పెద్దగా ఆశ్చర్యం కలగలేదు. ఊడ్చే మాస్టర్‌ను నేను అప్పటికే చూసున్నాను.

ఇక బస్సు సంగతి. కరాటేలో కీబా దాచి అని ఒక నిలబడే పద్ధతి ఉంది. గుర్రం మీద కూర్చున్నట్టు కాళ్లు ఎడంగా పెట్టి, మోకాళ్లు బయటికి వంచి, నడుము దించి నిలబడాలి. నిమిషం గడిచేసరికి తొడలు వణుకుతాయి. పిల్లలు మెల్లగా పైకి లేచిపోతారు, మేమూ అంతే. సార్ అరిచేవాడు కాదు. "ఈ ఆదివారం ఎమ్మిగనూరు బస్సెక్కండి. సీటు ఖాళీగా ఉన్నా కూర్చోవద్దు, రాడ్డు ముట్టద్దు. కిటికీ దిక్కు తిరిగి నిలబడండి. నడుం పైన ఉంటే పడతారు, కిందికుంటే పడరు. నేను ఊరికే చెప్తాండానా, బస్సే చెప్తాది" అన్నాడు. ఆ రోడ్డు అప్పట్లో ఎట్లుండేదో ఆ పక్కవాళ్లకు తెలుసు. మా అమ్మ పక్కన కూర్చుని "పడితే పళ్లూడతాయే" అని గొణుగుతూనే ఉంది. కోడుమూరు రాకముందే నాకు కాళ్లు ఎక్కడ పెట్టాలో అర్థమైంది. కిక్కిరిసిన బస్సులో ఏళ్లతరబడి రెండు చేతులా టికెట్లు కొట్టిన మనిషి కనిపెట్టిన పాఠం అది. తుపాను గాలిలో ఇంటికప్పు ఎక్కి, చాపను గాలికి అడ్డంగా పట్టుకుని ఫునకోషి ఇదే పద్ధతిలో నిలబడేవాడని చెబుతారు. మాకు తుపాన్లు లేవు, ఆర్టీసీ ఉంది.

అసలు విషయం ఆలూరు పక్క పల్లెలో జరిగింది. సార్ బస్సు అక్కడ నైట్‌హాల్టు. ఊళ్లో ఒక ముసలి వస్తాదు పీర్ల పండగకు ముందు కుర్రాళ్లకు కర్రసాము నేర్పేవాడు. భోజనం చేసి బస్సులో పడుకోవాల్సిన మనిషి అక్కడికి పోయి చూడటం మొదలుపెట్టి, చివరికి కర్ర పట్టుకున్నాడట. ఒక ఆదివారం మమ్మల్ని కొందరిని వెంట తీసుకుపోయాడు.

వస్తాదు మా సార్‌ను ఊరి పిల్లల వరసలో చివరన నిలబెట్టాడు. నొసటి ఎత్తు వెదురుకర్ర. తిప్పుతూ అడుగు మార్చాలి, మారిన అడుగు మీద బరువు పడకముందే కర్ర రెండో పక్కకు రావాలి. సార్ కాలు కరాటే అలవాటుకు పోయి అక్కడే పాతుకుపోయింది. పెద్దాయన తన కర్రతో ఆయన చీలమండ మీద తట్టి, "ఏమప్పా కండక్టరూ, కాలు యాడ పెట్నావ్? ఇది బస్సు గాదు, కదులు!" అన్నాడు. పల్లె పిల్లలు పగలబడి నవ్వారు. మాకు తల కొట్టేసినట్టయింది, బ్లాక్‌బెల్టు గదా మరి. సార్ మాత్రం నవ్వి, వంగి నేలకు దండం పెట్టి, మొదటి అడుగునుంచి మళ్లీ మొదలుపెట్టాడు. మళ్లీ తప్పు పోయింది. మళ్లీ తిట్టించుకున్నాడు. మధ్యాహ్నం దాకా అదే వరస. మా వైపు చూసి ఒక్క మాట సర్దిచెప్పుకోలేదు.

మాలో ఒకడు పెద్దాయన్ను దేవరగట్టు గురించి అడిగాడు. దసరా రాత్రి మాళమల్లేశ్వరుని ఉత్సవంలో ఊళ్లకు ఊళ్లు కర్రలతో తలపడతాయి, ఏటా తలలు పగులుతాయి. అక్కడికి పోతావా తాతా అంటే, "అది మొక్కు నాయనా. చీకటి, గుంపు, ఎవురు కొడతాండారో తెలీదు. సాములో ఎదురోని కన్ను కనపడాల" అన్నాడు. అంతకుమించి మాట్లాడలేదు.

ఆ తర్వాత మా క్లాసులో ఒక మార్పు వచ్చింది. చెయ్యి తప్పు అని సార్ అంటే ముఖం మాడ్చుకునేవాళ్లు తగ్గిపోయారు. నాకంటే చిన్నపిల్ల నా కటాలో (వరసగా చేసే అడుగులు, దెబ్బల కూర్పులో) తప్పు చూపిస్తే మొదటిసారి నేను వినగలిగాను. ఈ మార్పు ఉపన్యాసంతో వచ్చేది కాదని నా నమ్మకం.

ఇంకొకరి దగ్గర నేర్చుకునే ఈ గుణం పెద్ద పెద్ద వాళ్లలోనూ ఉంది. జూడోకు మూలపురుషుడు జిగోరో కానో 1882లో కోడోకాన్ అనే జూడో బడి స్థాపించాడు. 1922 నాటికి ఆయన జపాన్ అంతటా పేరు మోసినవాడు, అరవై దాటాడు. టోక్యోలో ఎవరికీ పెద్దగా తెలియని ఫునకోషిని తన కోడోకాన్‌కు పిలిపించి ప్రదర్శన చేయించి, ఆ కటాలు తనకు కూడా నేర్పమని అడిగాడు. కరాటేవాళ్లు ఈరోజు వేసుకునే తెల్ల డ్రెస్సు, బెల్టు జూడోనుంచి వచ్చినవే. ఇద్దరు మాస్టర్లు ఒకరిదగ్గర ఒకరు తీసుకోవడానికి సిగ్గుపడలేదు. మా ఊళ్లో ఒక మాస్టర్ శిష్యులు ఇంకో మాస్టర్ క్లాసు గేటు దాటితే పేరు కొట్టేసే కాలంలో నేను నేర్చుకున్నాను కాబట్టి ఇది చెప్పాలనిపించింది.

బెల్టుల దగ్గర సార్ పీనాసి. కొందరు తల్లిదండ్రులు గొడవపడి, తొందరగా బెల్టులిచ్చే చోటికి పిల్లల్ని మార్చేశారు. ఆయన టీసీ ఇచ్చే హెడ్‌మాస్టర్‌లా "మంచిది, బాగా నేర్చుకో" అనేవాడు.

ఇప్పుడు మీ పాప సంగతి. చేర్చే ముందు ఒకరోజు చెప్పకుండా పోయి క్లాసంతా కూర్చుని చూడండి. ముందు వరసలో ఎగిరి తన్నే పిల్లల్ని వదిలేసి, వెనక వరసలో లావుగా, భయంగా ఉన్న పిల్ల దగ్గరికి మాస్టర్ ఎన్నిసార్లు పోతున్నాడో చూడండి. మీ గురువెవరు, ఇప్పుడు మీరేం నేర్చుకుంటున్నారు అని అడగండి. రెండో ప్రశ్నకు చిరాకు పడితే నేనైతే లేచి వచ్చేస్తాను. ఆడపిల్లల అమ్మానాన్నలు క్లాసులో కూర్చుంటామంటే ఒప్పుకోని చోటునుంచి కూడా అంతే, కారణం ఏం చెప్పినా సరే. రెండు రోజుల సెల్ఫ్ డిఫెన్స్ క్యాంపులతో ధైర్యం వచ్చేస్తుందని నమ్మకండి, ఒక్క అడుగు సరిగా పడటానికే నెలలు పడుతుంది. నెల ఫీజు ఒక్కటే అడిగి ఊరుకోవద్దు. గ్రేడింగ్ (బెల్టు పరీక్ష) ఫీజు, డ్రెస్సు, టోర్నమెంటు ఎంట్రీ, సర్టిఫికెట్ అని తర్వాత విడివిడిగా అడిగేవాళ్లున్నారు. అన్నీ కలిపి ఏడాదికి ఎంతవుతుందో మొదటిరోజే కాగితం మీద రాయించుకోండి.