గాలిలో దుమ్ము: తూకమా, లెక్కా?

ప్రశ్న: ఇంట్లో పెట్టుకున్న చిన్న ఎయిర్ క్వాలిటీ మీటరు మంచు పట్టిన తెల్లవారుజామున పీఎం 2.5ను 180 చూపిస్తుంది. పదకొండు అయ్యేసరికి 60కి దిగుతుంది. దగ్గర్లోని కాలుష్య నియంత్రణ మండలి కేంద్రంలో అంత తేడా కనబడదు. మీటరు పాడైందా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: పాడవలేదు. పీఎం 2.5 అంటే 2.5 మైక్రాన్ల లోపు సన్నకణాలు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యోవంతు). ఘనపు మీటరు గాలిలో అవి ఎన్ని మైక్రోగ్రాములున్నాయన్నదే ఆ అంకె. మీ మీటరు మాత్రం దుమ్మును తూచదు, వెలుతురును చూస్తుంది. లోపలి బుల్లి ఫ్యాను గాలిని లాగుతుంది. లేజర్ కిరణానికి కణం అడ్డొస్తే చెదిరిన కాంతిని ఫొటోడయోడ్ (కాంతిని గుర్తించే చిన్న భాగం) పట్టుకుంటుంది. ఆ మెరుపులను బట్టి బరువు ఇంత ఉండొచ్చని చిప్పు అంచనా కడుతుంది. చిక్కంతా తేమతోనే. సన్నకణాల్లో అమ్మోనియం సల్ఫేట్ లాంటి లవణాలుంటాయి. వానాకాలం ఉప్పుడబ్బా చెమ్మగిల్లినట్టే, తేమ 80 శాతం దాటితే ఇవీ నీళ్లు పీల్చి ఉబ్బుతాయి. ఉబ్బిన కణం ఎక్కువ కాంతిని చెదరగొడుతుంది. మీటరు ఆ నీటిని కూడా దుమ్ము పద్దులోనే రాసేస్తుంది. కేంద్రాల్లో వాడే బీటా కిరణాల యంత్రం అయితే గాలి వచ్చే గొట్టాన్ని కాస్త వేడిచేసి తేమ తగ్గిస్తుంది. కణాలను ఫిల్టరు టేపు మీద పట్టి, దాన్ని దాటొచ్చే కిరణాలు ఎంత తగ్గాయో చూసి బరువు కడుతుంది.

అలాగని పొద్దుటి అంకెను పూర్తిగా కొట్టేయకండి. చలికాలం రాత్రి నేల చల్లబడి, పైన వెచ్చటి గాలిపొర మూతలా కూర్చుంటుంది. పొగ కిందనే ఆగిపోతుంది. ఆ పెరుగుదల నిజం, తేమ దాని మీద వడ్డీ.

మీటరును మీటరున్నర ఎత్తున, ఎండ తగలకుండా, పోపు పొగకూ అగరుబత్తికీ దూరంగా పెట్టండి. పక్కనే తేమ కొలిచే పరికరం ఉంచి, 80 దాటిన గంటలను విడిగా రాసుకోండి. మన దేశ ప్రమాణం 60 మైక్రోగ్రాములన్నది 24 గంటల సగటుకు, ఒక్క గంటకు కాదు. ఇక అదే మీటరు చూపే పీఎం 10 (10 మైక్రాన్ల లోపు కణాల) అంకెను నమ్మొద్దు. ముతక దుమ్ము ఆ ఫ్యానుకు సరిగా అందదు, అందులో చాలావరకు ఊహే.

ప్రశ్న: ఒకే ఊరికి ఒక యాప్ 66 అంటుంది, ఇంకొకటి 112 అంటుంది. ఏది నిజం?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: రెండూ నిజం కావచ్చు. ఘనపు మీటరు గాలిలో పీఎం 2.5 సరిగ్గా 40 మైక్రోగ్రాములు ఉంటే, భారత గాలి నాణ్యత సూచీ (ఏక్యూఐ)లో అది 66, అంటే ‘సంతృప్తికరం’. అమెరికా సూచీలో 112, అంటే ‘సున్నితమైన వారికి హాని’. గాలి ఒకటే, స్కేళ్లు వేరు. యాప్ సెట్టింగుల్లో మైక్రోగ్రాములు ఎంచుకోండి, గొడవ ఉండదు.

ప్రశ్న: ఎమ్మెస్సీ ప్రాజెక్టులో ఫిల్టరు తూకంతో పీఎం 2.5 కొలిచాం. రెండు రోజులు బరువు మైనస్‌లో వచ్చింది. ఎక్కడ తప్పాం?
– ఒక విద్యార్థి, గుంటూరు

జవాబు: ముందు ఎంత చిన్న బరువు కోసం వెతుకుతున్నారో చూడండి. నిమిషానికి 16.7 లీటర్ల చొప్పున 24 గంటలు లాగితే వచ్చేది 24 ఘనపు మీటర్ల గాలి. ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములుంటే ఫిల్టరు మీద చేరేది 1.44 మిల్లీగ్రాములు. చిటికెడు ఉప్పులో వందోవంతు కూడా కాదు. కాబట్టి మైక్రోగ్రాము వరకు చూపే త్రాసు తప్పనిసరి.

మైనస్ రావడానికి మొదట అనుమానించాల్సింది తేమను. ఖాళీ ఫిల్టరును చెమ్మతో తూచి, దుమ్ముపట్టినదాన్ని ఆరాక తూస్తే అంతే. రెండుసార్లూ 20–23 డిగ్రీల వేడిమి, 30–40 శాతం తేమ ఉన్న గదిలో 24 గంటలు ఉంచాకే తూచండి. రెండోది స్థిరవిద్యుత్తు. టెఫ్లాన్ ఫిల్టరు త్రాసు గోడల వైపు లాగుతుంటే అంకె నిలకడగా ఉండదు. తూచేముందు అయోనైజర్ (స్థిరవిద్యుత్తును పోగొట్టే పరికరం) దగ్గర కాసేపు పట్టుకోండి. గాజుపీచు ఫిల్టరు వాడితే దాని అంచు హోల్డరు రబ్బరుకు అతుక్కుని చిరిగిందేమో చూడండి, ఆ తునకే మైనస్ కావచ్చు. గాలి లాగని ఖాళీ ఫిల్టరు ఒకదాన్ని కూడా తీసుకెళ్లి తెచ్చి తూచండి. దాని బరువు 30 మైక్రోగ్రాములకు మించి మారితే ఆ రోజు లెక్కలు పక్కన పెట్టాల్సిందే. ఫిల్టర్లను ఎండలో సైకిలు బుట్టలో తేవద్దు. అమ్మోనియం నైట్రేట్ వేడికి ఆవిరైపోతుంది, ఐస్‌బాక్సు వాడండి. పంపు వేగం తగ్గినా ప్రమాదమే. 2.5 మైక్రాన్ల హద్దు జారి ముతక కణాలు లోపలికొస్తాయి. అప్పుడు తప్పు మైనస్‌లో కాదు, ప్లస్‌లో వస్తుంది. ఎవరికీ అనుమానం రాదు.

ప్రశ్న: తూచడం కాకుండా, కణాలను ఒక్కొక్కటిగా లెక్కపెట్టడం సాధ్యమా?
– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం

జవాబు: 19వ శతాబ్దంలోనే చేశారు. స్కాట్లాండ్‌లోని ఫాల్కిర్క్‌కు చెందిన జాన్ ఐట్కెన్ (1839–1919) తయారుచేసిన దుమ్ము లెక్కించే పరికరం ఇందుకే. అంత చిన్న కణాలు సూక్ష్మదర్శినికి చిక్కవు. ఆయన తేమగా ఉన్న గాలిని మూసిన అరలో పెట్టి, పంపుతో ఒక్కసారి లాగాడు. గాలి వ్యాకోచించి చల్లబడింది. ప్రతి కణం చుట్టూ నీరు చేరి బిందువైంది. గళ్లు గీసిన పలక మీద రాలిన బిందువులను భూతద్దంతో లెక్కపెట్టాడు. ఊరి గాలిలో బిందువులు లెక్కకు అందవు కనుక, దుమ్ములేని గాలిని తెలిసిన పాళ్లలో కలిపి పలచన చేసేవాడు. హైదరాబాద్ మీటరును తప్పుదారి పట్టించిన నీరే ఇక్కడ పనిముట్టు అయింది. నేటి కణ లెక్కింపు యంత్రాల్లోనూ ఉపాయం అదే. చాలావాటిలో నీటికి బదులు బ్యూటనాల్ అనే ఆల్కహాలు ఆవిరి ఉంటుంది, కంటికి బదులు లేజరు.

ఇది తూకానికి బదులు కాదు. సాంద్రత ఒకటే అయితే, 2.5 మైక్రాన్ల కణం ఒక్కటి 0.1 మైక్రాను కణాలు 15,625 కలిస్తే ఎంతో అంత తూగుతుంది. డీజిల్ పొగలోని అతిసన్న కణాలు వేలల్లో ఉన్నా గుంటూరు విద్యార్థి త్రాసుకు కనబడనిది అందుకే.