సమాధానం: రెండు రోజులకే ఆ ప్రభావం పోతోందంటే

"మంచి పుస్తకమో సినిమానో నన్ను రెండు రోజులు ఊపేస్తుంది, మూడో రోజుకి మళ్లీ పాత మనిషినే" అని రాశారు. లోపం మీలోనే ఉందని టెన్షన్ పడకండి. నాదీ చాలాకాలం ఇదే గొడవ. ఒకటి అవగానే ఇంకోటి మొదలుపెట్టేవాణ్ని. ముందుది లోపలికి ఇంకకముందే రెండోది వచ్చి దాన్ని తుడిచేసేది.

1904లో గాంధీ జోహన్నెస్‌బర్గ్ నుంచి డర్బన్ వెళ్తూ రైల్లో ఇంగ్లీషు రచయిత రస్కిన్ పుస్తకం 'అన్‌టు దిస్ లాస్ట్' చదివారు. ఆ రాత్రి నిద్రపట్టలేదని ఆత్మకథలో రాసుకున్నారు. అక్కడితో ఆగితే అది మన కథే! ఆయన ఆ ఏడాదే డర్బన్ దగ్గర భూమి కొని, ఆ పుస్తకంలోని భావాల ప్రకారం అందరూ కలిసి శ్రమచేసి బతికే ఫీనిక్స్ స్థావరం మొదలుపెట్టారు. ఆ పుస్తకంలోని భావాల్లో ఒకటి తనకు ముందే తెలుసని, ఇంకోటి మసకగా తోచిందని, మూడోది మాత్రం ఎన్నడూ తట్టలేదని కూడా ఆయనే చెప్పారు.

మీరు భూములేం కొననక్కర్లేదు. ఈసారి ఏదైనా కదిలిస్తే వారం పాటు కొత్తది ముట్టకండి. ఎక్కడ గొంతు పట్టేసిందో రెండు వాక్యాలు రాసుకోండి. చాలాసార్లు అది మీ సొంత విషయమే అయ్యుంటుంది. తండ్రితో మాట్లాడని కొడుకు కథ చూసి ఏడ్చారా, ఆ రాత్రే నాన్నకు ఫోన్ చేయండి. ఏడాది తర్వాత అదే పుస్తకం మళ్లీ తీయండి. నేను రెండోసారి గీతలు గీసుకున్న వాక్యాలు పూర్తిగా వేరు.